పన్నెండు వేలలో ఊగని ట్రైపాడ్, జారని హెడ్: చెన్నై మిత్రులు సలహా ఇవ్వండి

వేలచ్చేరి_వాసి
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నా దగ్గర క్రాప్ సెన్సర్ డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటుంది. ఈ మధ్యే దూరపు పిట్టల కోసం సిగ్మా 150-600 మి.మీ. కంటెంపరరీ జూమ్ లెన్స్ కొన్నాను. లెన్స్ ఒక్కటే 1,930 గ్రాములు. బాడీతో కలిపితే రెండున్నర కిలోలు దాటుతుంది. ట్రైపాడ్ మాత్రం నాలుగేళ్ల కింద ఆన్‌లైన్‌లో రెండు వేలకు తీసుకున్నదే. దాని మీద ఈ లెన్స్ పెట్టడమంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టే ఉంది. ఫ్రేము సరిచూసి బిగించి చెయ్యి తీస్తే లెన్స్ ముక్కు మెల్లగా నేల చూస్తుంది.

పిట్టల ఫొటోలకి ఆదివారాలు పళ్లికరణై చిత్తడి నేలకి, చలికాలంలో పులికాట్ సరస్సుకి వెళ్తాను. అప్పుడప్పుడు తెల్లవారుజామున బెసంట్ నగర్ బీచ్. శ్రీహరికోటలో రాత్రి ప్రయోగాలుంటే మేడ మీద నుంచి రాకెట్ తీయాలని కోరిక. బండి మీదో, ఎంఆర్‌టీఎస్ రైల్లోనో తిరుగుతాను, కారు లేదు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. కాళ్లు, హెడ్ (కాళ్ల మీద కెమెరాని పట్టి తిప్పే భాగం) రెండూ కలిపి 12 వేలు అనుకున్నాను, మహా అయితే 15.

కాళ్లు కార్బన్ ఫైబర్‌వి తీసుకోవాలా, అల్యూమినియం చాలా? బాల్ హెడ్డా, గింబల్ హెడ్డా? చూస్తున్న వాటిలో ఒకదాని డబ్బా మీద 15 కిలోలు మోస్తుందని రాసి ఉంది, అది సరిపోతుంది కదా?

---

చేతి_వాటం
శుక్రవారం, రాత్రి 9:58

ట్రైపాడ్ ఎందుకు తమ్ముడూ? ఐఎస్‌ఓ 1600 పెట్టు, షట్టర్ 1/1000 పెట్టు, చేత్తో కొట్టు. ఎగిరే పిట్టని మూడు కాళ్ల మీద నుంచి ఎవడు తీస్తాడు?

---

గిండి_ఇంజనీరు
శుక్రవారం, రాత్రి 11:15

ఎగిరే పిట్టల వరకు చేతి_వాటం గారి మాట నిజమే. కానీ పొద్దున ఆరింటికి నీళ్లలో నిలబడ్డ పిట్టకి, రాత్రి మేడ మీదికి ఆ సలహా పనికిరాదు. రెండున్నర కిలోలు అరగంట ఎత్తిపట్టి చూడండి, భుజమే చెబుతుంది.

ముందు ఆ 15 కిలోల సంగతి. దీనికి కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలమానమంటూ లేదు. ఒకరు కాలు జారకుండా ఆగే బరువు రాస్తారు, ఇంకొకరు విరగకుండా ఆగే బరువు రాస్తారు. మీకు కావాల్సింది మోయడం కాదు, ఊగకపోవడం. మా ఇంటి ప్లాస్టిక్ కుర్చీ నన్ను బాగానే మోస్తుంది, కానీ దాని మీద నిలబడి ఫ్యాన్ తుడవమంటే నేను ఒప్పుకోను. డబ్బా మీది అంకె కెమెరా, లెన్స్ బరువుకు కనీసం మూడింతలు లేకపోతే దాన్ని పక్కన పెట్టేయండి. ఉంటే మంచిదని మాత్రం అనుకోకండి.

చూడాల్సింది గొట్టం లావు. గోడ మందం ఒకటే అనుకుంటే, పల్చని గొట్టం బిగువు వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 22 మి.మీ. గొట్టానికి, 28 మి.మీ. గొట్టానికి చూపులో తేడా ఆరు మిల్లీమీటర్లే. వంగడంలో, మెలితిరగడంలో మాత్రం రెండో దాని బిగువు రెండింతలు. కాబట్టి పై గొట్టం 28కి తగ్గనివ్వకండి.

అక్కడితో అయిపోలేదు. ఒక్కో మడతకి గొట్టం సన్నబడుతుంది. అయిదు మడతల కాలు సంచిలో ముచ్చటగా ఇమిడిపోతుంది, కానీ చివరి గొట్టం అగరుబత్తి స్టాండులా ఉంటుంది. మూడు మడతలవి బాగా నిలబడతాయి, మడిచాక 60 సెం.మీ. దాకా ఉంటాయి. మీ బండికి, రైలుకి అది పెద్ద ఇబ్బంది కాదు. విమానంలో తిరిగేవాళ్లకైతే వేరే లెక్క.

ఇంత పట్టింపు ఎందుకంటే: 600 మి.మీ. దగ్గర మీ సెన్సర్ చూసే వెడల్పు రెండుంబావు డిగ్రీలు. అందులో ఆరు వేల పిక్సెళ్లు వరసగా ఉన్నాయనుకోండి. వంద మీటర్ల దూరంలో ఉన్న కొంగ మీద ఒక్క పిక్సెల్ అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. గాలికి కాలు ఏ మాత్రం వణికినా ఈకలు పిండి అయిపోతాయి.

ఎత్తు లెక్క కూడా చెప్పేస్తాను. మీ కంటి ఎత్తు సుమారు 162 సెం.మీ. హెడ్, లెన్స్ కాలరు (లెన్స్‌ని హెడ్‌కి బిగించే పట్టీ), వ్యూఫైండరు కలిపి 25 దాకా పోతాయి. అంటే మధ్య కడ్డీ ఎత్తకుండా కాళ్లు 137-140 రావాలి. మధ్య కడ్డీ ఎత్తారా, మూడు కాళ్ల మీద ఒంటికాలి స్టాండు పెట్టినట్టే.

---

వేలచ్చేరి_వాసి
శనివారం, ఉదయం 7:05

అయ్యో, నేను ఇన్నాళ్లూ మధ్య కడ్డీ ముందు ఎత్తి, కాళ్లు తర్వాత లాగుతున్నాను. నడుం నొప్పి అని.

కార్బన్ సంగతి చెప్పలేదు మీరు.

---

గిండి_ఇంజనీరు
శనివారం, ఉదయం 7:31

కార్బన్ తేలిక, వణుకు కూడా త్వరగా చల్లారుతుంది. కానీ మీ బడ్జెట్‌లో కార్బన్ అంటే సన్నగొట్టాల కార్బనే వస్తుంది. లావుపాటి అల్యూమినియం దానికంటే నయం. అరకిలో ఎక్కువ మోస్తారు, అంతే కదా. చలికి చల్లబడ్డ అల్యూమినియం పట్టుకుని చేతులు గడ్డకట్టే బాధ చెన్నైలో ఎలాగూ లేదు!

---

పాత_రీలు
శనివారం, ఉదయం 10:20

బాబూ వేలచ్చేరీ, నేను కోడంబాక్కంలో పాతికేళ్లు కెమెరా అసిస్టెంటుగా చేసి రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో మిచెల్ సినిమా కెమెరాకి చెక్క కాళ్లు. మోసుకుపోవడానికి ఇద్దరు మనుషులు. వణుకు అంటే ఏమిటో ఎరగవు అవి. చెక్కకి ఆ గుణం ఉంది, అదురుని తాగేస్తుంది.

ముక్కాలి పీటని మిట్టపల్లాల నేల మీద వెయ్యి, కదలదు. అదే నాలుగు కాళ్ల బల్ల అయితే కాలి కింద కాగితం మడిచి పెట్టాలి. మూడు కాళ్లకి అది పుట్టుకతో వచ్చిన బలం. దాన్ని పాడుచేసేది మనమే. నేను సెట్‌లో రోజూ చూసిన తప్పులు చెబుతాను. కాళ్లు పూర్తిగా విచ్చకుండా నిలబెట్టడం. లెన్స్ వైపు ఒక కాలు ఉంచకుండా రెండు కాళ్ల మధ్యకి లెన్స్ ముక్కు పెట్టడం, బరువైన లెన్స్ అయితే బొక్కబోర్లా పడుతుంది. ఇక మధ్య కొక్కేనికి సంచి వేలాడదీసి వదిలేయడం. గాలి వస్తే ఆ సంచి గంట లోలకంలా ఊగి, స్టాండుని కూడా ఊపుతుంది. సంచి అడుగు నేలకి ఆనీ ఆననట్టు ఉండాలి. మేమైతే ఇసుక మూటలే వేసేవాళ్లం.

ఇంకో మాట. కొనేముందు వడపళని, సాలిగ్రామం వైపు అద్దెకిచ్చే షాపులున్నాయి కదా, నీ మనసుకి నచ్చిన రకం ఒక్క రోజు అద్దెకి తెచ్చి చూడు. ఫోరంలో పదిమంది పది చెబుతారు. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లకి మూడే కాళ్లు.

---

సగం_ధర
శనివారం, ఉదయం 10:44

బాబాయ్ గారూ, ట్రైపాడ్ చర్చలో ఆ సామెత వాడడం 😂

నా ఓటు సెకండ్ హ్యాండ్‌కి. ట్రైపాడ్‌కి సెన్సరు లేదు, షట్టరు కౌంటు లేదు, మూడేళ్లకోసారి కొత్త మోడల్ వచ్చి పాతది పనికిరాకుండా పోయేదీ లేదు. పదేళ్ల పాత మంచి కాళ్లు, కొత్త చవక కాళ్ల కంటే నయం. మాన్‌ఫ్రోటో 055 అల్యూమినియం మూడు మడతలది వెతకండి. పై గొట్టం దాదాపు 29 మి.మీ., బరువు రెండున్నర కిలోలు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు వీడియోకి మారి, చేత్తో పట్టుకునే మోటారు గింబళ్లు కొనుక్కుని, ఇలాంటివి అమ్మేస్తున్నారు. అదే కంపెనీ 190 కూడా మంచిదే, కానీ మీ లెన్స్‌కి 055 దగ్గరే ఆగండి. బెన్రో, సిరుయిల్లో కూడా ఆ లావువి దొరుకుతాయి.

చూడడానికి వెళ్లినప్పుడు కాళ్లన్నీ పూర్తిగా లాగి, తాళాలు బిగించి, ఒక్కో కాలు మీద మీ బరువు కొద్దిగా మోపండి. లోపలికి జారితే తాళం అరిగినట్టు. మడత తాళాలైతే చాలావాటికి బిగించే నట్టో, స్క్రూనో ఉంటుంది, అది పెద్ద జబ్బు కాదు. పైన కాళ్లు కలిసే చోట పగులు ఉందేమో చూడండి. అక్కడ పగిలితే మాత్రం వదిలేసి రండి, ఎంత తగ్గించినా సరే.

హెడ్ కూడా కలిపి ఇస్తామంటే ప్లేటు (కెమెరా అడుగున బిగించి హెడ్‌లో కూర్చోబెట్టే పలక) చూడండి. ఆ కంపెనీ పాత 200పీఎల్ ప్లేటు ఆర్కా రకం (చాలా కంపెనీలు వాడే గాడి పద్ధతి) క్లాంపులో కూర్చోదు. తర్వాత వచ్చిన 200పీఎల్ ప్రో రెండింటికీ సరిపోతుంది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ఆర్కా రకమే ఎంచుకోవడం మంచిది, ఎల్ బ్రాకెట్, లెన్స్ ఫుట్, గింబల్ అన్నీ ఆ వరసలోనే దొరుకుతాయి.

---

మైలాపూర్_మామయ్య
శనివారం, మధ్యాహ్నం 12:10

ఆర్కా రకం అన్నంత మాత్రాన అన్నీ ఒకే కొలత అనుకోకండి. కంపెనీకీ కంపెనీకీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. లివర్ క్లాంపు వేరే కంపెనీ ప్లేటుతో ఒక్కోసారి వదులుగా ఉంటుంది, ఒక్కోసారి అసలు మూతపడదు. స్క్రూ తిప్పే క్లాంపు ఏదైనా సర్దుకుపోతుంది. నా లెన్స్ ఒకటి కపాలీశ్వరర్ గుడి కోనేటి మెట్ల మీద ఇలాగే జారింది. అదృష్టం, మెడలో బెల్టు ఉంది. ప్లేటు చివర్లలో ఉండే చిన్న అడ్డు స్క్రూలని పారేయకండి, అవి ఉన్నది ఇందుకే.

---

తడ_దాటాక
శనివారం, మధ్యాహ్నం 2:35

మాది సూళ్లూరుపేట. పులికాట్ నా ఇంటి పెరడు లాంటిది, కాబట్టి ఇక్కడి సంగతి నేను చెప్పాలి.

అన్నా, మీరు లక్ష రూపాయల ట్రైపాడ్ తెచ్చినా పులికాట్‌లో పొద్దున తొమ్మిది దాటాక ఫ్లెమింగో ఫొటో పదునుగా రాదు. నీళ్ల మీద, బురద మీద వేడిగాలి మరుగుతూ ఉంటుంది. దూరాన పిట్టల కాళ్లు జెల్లీలా కదులుతాయి. ఆదివారం ఆదివారం చెన్నై నుంచి వచ్చి, పదింటికి లెన్స్ బిగించి, ఫోకస్ సరిగా లేదనీ స్టాండు బాగాలేదనీ తిట్టుకునేవాళ్లని చూస్తూనే ఉంటాను. స్టాండు తప్పు కాదు, టైము తప్పు. సూర్యుడు లేచే లోపు శ్రీహరికోట రోడ్డు మీద ఉండండి.

ఇంకోటి. ఆ రోడ్డు మీద మనిషి దిగితే పిట్ట లేస్తుంది, కారు ఆగితే అంతగా పట్టించుకోదు. స్నేహితుల కారులో వస్తే ట్రైపాడ్ డిక్కీలోనే ఉంచి, కిటికీ మీద బీన్ బ్యాగ్ పెట్టండి. పాత జీన్స్ కాలు కోసి రెండు వైపులా కుట్టి, లోపల రెండు కిలోల బియ్యం పోశాను నేను. రెండేళ్ల నుంచి అదే. 600 మి.మీ. దాని మీద రాయిలా కూర్చుంటుంది. ఒకసారి పురుగు పట్టింది, బియ్యం మార్చాను. అంతకు మించి మెయింటెనెన్స్ లేదు.

---

చేతి_వాటం
శనివారం, మధ్యాహ్నం 2:50

ఇదిగో, నా పార్టీలోకి ఒకరొచ్చారు. బియ్యం బస్తా జిందాబాద్.

---

వేలచ్చేరి_వాసి
శనివారం, సాయంత్రం 6:15

తడ_దాటాక అన్నా, మీరు నన్నే చూసినట్టున్నారు. పోయిన డిసెంబరులో పదిన్నరకి దిగి రెండొందల ఫొటోలు తీసి, ఒక్కటీ ఉంచుకోలేదు. ఆ టెన్షన్‌లోనే ఈ చర్చ మొదలుపెట్టాను.

అయినా మా మేడ మీద, పళ్లికరణైలో కూడా ఊగుతోంది. అది మాత్రం స్టాండే. హెడ్ గురించి ఎవరూ తేల్చలేదు.

---

రాత్రి_మేడ
శనివారం, రాత్రి 8:30

హెడ్ నేను చెబుతాను, నాకు నాలుగు హెడ్లు మారాయి.

పాన్, టిల్ట్ విడివిడి పిడులతో వచ్చే త్రీవే హెడ్ ఇళ్లు, వస్తువులు తీసేవాళ్లకి. పిడులు సంచిలో పొడుచుకుంటాయి, నీకు వద్దు. ఫ్లూయిడ్ హెడ్ వీడియోకి. మిగిలింది బాల్, గింబల్.

గింబల్‌లో లెన్స్ తన బరువు మీద తానే తూగుతుంది, గట్టిగా బిగించనక్కర్లేదు, వదిలేసినా ముక్కు వాల్చదు. పిట్టలకి దాన్ని మించింది లేదు. కానీ కిలోకి పైనే బరువు, వైడ్ లెన్స్‌తో బీచ్‌కి తీసుకెళ్తే వెటకారంగా ఉంటుంది. మరీ చవక గింబళ్లు పక్కకి తిప్పితే గరగరమంటాయి. బాల్ హెడ్ అన్నిటికీ పనికొస్తుంది, కానీ పెద్ద లెన్స్‌తో చెయ్యి వదిలితే ఒక పక్కకి ఒరిగిపోతుంది. అందుకే చిన్న గుండు వద్దు. కనీసం 40 మి.మీ. పైన ఉండాలి, రాపిడి సర్దుకునే చిన్న మర విడిగా ఉండాలి. లెన్స్‌ని కాలరు ఫుట్ దగ్గర ముందుకీ వెనక్కీ జరిపి తూకం కుదిర్చాకే బిగించు. నీ పాత హెడ్ వాలడానికి సగం కారణం ఇదే అయి ఉండొచ్చు, కాస్త చూడు.

నీ బడ్జెట్‌లో: డబ్బు కాళ్లకి పెట్టు, ఇప్పటికి మంచి బాల్ హెడ్ తీసుకో, గింబల్ వచ్చే సంక్రాంతికి. కాళ్లు బాగుంటే హెడ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, 3/8 అంగుళం మర ఉందో లేదో చూసుకుంటే చాలు.

రాకెట్ గురించి: శ్రీహరికోట ఇక్కడికి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్లు. వైడ్ లెన్స్, ఐఎస్‌ఓ 100, బల్బ్ మోడ్, రెండు మూడు నిమిషాలు తెరిచి ఉంచితే గీత వస్తుంది. ధ్రువ కక్ష్యకి వెళ్లే పీఎస్‌ఎల్‌వీ శ్రీలంక మీదుగా పోకుండా ముందు ఆగ్నేయంగా పోయి తర్వాత మళ్లుతుంది. కాబట్టి ఫ్రేములో కుడివైపు చోటు వదులు. వైడ్ లెన్స్ కాబట్టి స్టాండుకి పెద్ద పరీక్ష ఏమీ కాదు. అసలు పరీక్ష మేడ మీద జనం. రాకెట్ అనగానే కింది వాటాల పిల్లలంతా పైకొచ్చి గెంతుతారు, స్లాబు అదురుతుంది. స్టాండుని స్లాబు మధ్యలో కాకుండా మూల పిల్లరు దగ్గర పెట్టు.

---

అలల_అంచు
ఆదివారం, ఉదయం 6:50

బెసంట్ నగర్ పేరు చూసి వచ్చాను. అందరూ కొనడం గురించి చెప్పారు, సముద్రం దాన్ని ఎలా తినేస్తుందో ఎవరూ చెప్పలేదు.

నా మొదటి ట్రైపాడ్ ఎనిమిది నెలల్లో బిగుసుకుపోయింది. ఉప్పునీళ్లలో నిలబెట్టి, ఇంటికొచ్చి అలాగే మడిచి మూలన పెట్టేదాన్ని. మడత విప్పే చోట తెల్లటి పొడి పట్టేసింది, రెండు కాళ్లు ఇక లాగినా రాలేదు. ఇప్పుడు ఇలా చేస్తున్నాను.

నీళ్లలోకి వెళ్లేటప్పుడు అన్నిటికంటే కింది గొట్టాన్ని ముందు పూర్తిగా లాగుతాను. మామూలుగా లావు గొట్టం ముందు లాగమంటారు, అది నిజమే, కానీ నీళ్ల దగ్గర తాళం అలకి అందకుండా ఉండడం ముఖ్యం. ఇంటికి రాగానే మడవక ముందే మంచినీళ్లతో కడిగి, పాత తువ్వాలుతో తుడిచి, కాళ్లు బార్లా చాపి బాల్కనీలో ఆరబెడతాను. నెలకోసారి తిప్పే తాళాలు విప్పుతాను. లోపల రెండు ప్లాస్టిక్ పెచ్చులు ఉంటాయి, ఏ కాలువి ఆ కాలికే, ఏ వైపువి ఆ వైపే. మొదటిసారి విప్పినప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, లేకపోతే నాలాగా అర్ధరాత్రి వరకు కూర్చుంటారు. ఇసుక తుడిచి, మర మీద కొద్దిగా గ్రీజు. ఎక్కువ రాస్తే ఇసుకని పిలిచినట్టే.

ఇసుకలో నిలబెట్టేటప్పుడు కాళ్లు పూర్తిగా విచ్చి పైనుంచి నొక్కకండి. దిగే కొద్దీ కాళ్లు ఇంకా విచ్చుకోవాలని చూస్తాయి, కీలు మీద ఒత్తిడి పడుతుంది. కొంచెం దగ్గరగా ఉంచి దించితే తనే సర్దుకుంటుంది. అయినా దిగబడుతుంటే కాళ్ల కింద కొబ్బరి చిప్పలు. మన బీచ్‌లో వాటికి కరువా?

---

పాత_రీలు
ఆదివారం, ఉదయం 8:15

కొబ్బరి చిప్ప! ఈ అమ్మాయిని మా యూనిట్‌లో చేర్చుకునేవాళ్లం.

---

నిర్వాహకుడు
ఆదివారం, ఉదయం 9:00

రెండు అమ్మకపు లింకులు తీసేశాను. అమ్మేవాళ్లు కొనుగోలు విభాగంలో పెట్టండి. మహాబలిపురం గురించి ఒకరు విడిగా అడిగారు: తీర దేవాలయం లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో చేతి కెమెరాతో ఇబ్బంది లేదు, ట్రైపాడ్‌కి మాత్రం ముందుగా అనుమతి కావాలి. గేటు దాకా మోసుకెళ్లి గొడవపడకండి.

---

గిండి_ఇంజనీరు
ఆదివారం, ఉదయం 11:20

వేలచ్చేరి గారూ, కొనడానికి వెళ్తే కెమెరా, లెన్స్ తీసుకెళ్లండి. షాపులో బిగించి, 600 దగ్గర లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద, పది రెట్లు పెద్దది చేసి ఎదురు గోడ మీద ఏదైనా అక్షరం చూడండి. లెన్స్ ముందుభాగాన్ని వేలితో ఒక్కసారి తట్టి, అక్షరం నిలబడే వరకు మనసులో లెక్కపెట్టండి. ఏ డబ్బా మీది అంకె కన్నా ఇదే నిజం చెబుతుంది. స్టెబిలైజర్ ఆపేసి చూడండి, లేకపోతే అది వణుకుని దాచేస్తుంది. తర్వాత ఫొటో తీసేటప్పుడు కూడా రెండు సెకన్ల టైమరు పెట్టుకోండి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం లేచే దెబ్బ 1/4 నుంచి 1/30 మధ్య షట్టర్లకి బాగా తగులుతుంది, లైవ్ వ్యూ పెడితే చాలా కెమెరాల్లో అదీ పోతుంది.

---

వేలచ్చేరి_వాసి
తర్వాతి ఆదివారం, రాత్రి 8:05

కొన్నాను!

055 అల్యూమినియం, మూడు మడతలు, తాంబరంలో ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర. 7,500. ఒక కాలి తాళం వదులుగా ఉంది, బిగిస్తే సరిపోయింది. హెడ్ కొత్తది, 44 మి.మీ. గుండు, స్క్రూ క్లాంపు, 3,800. మొత్తం 11,300. మిగిలిన డబ్బు గింబల్ హుండీలో వేశాను.

ఇంజనీరు గారు చెప్పిన తట్టుడు పరీక్ష ఇంట్లో రెండింటి మీదా చేశాను. పాతదాని మీద మధ్య కడ్డీ ఎత్తితే ఏడు లెక్కపెట్టేదాకా అక్షరం నిలబడలేదు. కడ్డీ దించితే నాలుగు. కొత్తదాని మీద ఒకటి అనేలోపే నిలబడింది. రాత్రి_మేడ గారు అన్నట్టు పాత హెడ్ మీద లెన్స్ తూకం సరిచేసి కూడా చూశాను. వాలడం సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇవాళ పళ్లికరణైలో 1/60 దగ్గర ఒక నీలి జంబుకోడి వచ్చింది, ముక్కు మీద బురద చుక్క కూడా కనబడుతోంది. మోయడం మాత్రం బరువే. స్టేషన్ మెట్లు ఎక్కేసరికి చేతి_వాటం గారు గుర్తొచ్చారు.

---

చేతి_వాటం
ఆదివారం, రాత్రి 8:12

గుర్తొస్తాను, ఎక్కడికి పోతాను. ఇంతకీ ఆ పాత స్టాండు ఏం చేశావు? నాకు ఇచ్చెయ్, ఫోన్ పెట్టుకుంటా.

---

వేలచ్చేరి_వాసి
ఆదివారం, రాత్రి 8:20

అమ్మ ఇవ్వదు. మేడ మీద వడియాలు ఎండబెట్టి, పక్కన దాన్ని నిలబెట్టి పైన నల్ల గొడుగు గుడ్డ కట్టింది. గాలికి అదే పనిగా ఊగుతుంటే కాకి ఒక్కటీ దగ్గరికి రావట్లేదు.